ఇంటిలోని కనబడని వాయువు



ఇల్లు అద్దమువలె నున్ననే గృహిణి మనస్సునకు నెమ్మది. కాని కంటికి కనబడక, ముక్కునకు వాసన తెలియక, గదులలో నిలిచియుండు వాయువొకటి గలదు. దాని పేరు రేడాన్. మట్టిలోను, రాతిలోను మిక్కిలి స్వల్పముగా నుండు యురేనియము కాలక్రమమున రేడియముగా మారును. రేడియమునుండి యీ వాయువు పుట్టును. ఆరుబయట నిది గాలిలో చెదరిపోవును. మూసిన యింటిలో నిలువయై, ఊపిరితో లోనికి పోయి, పెక్కేండ్లకు ఊపిరితిత్తులలో రాచపుండు కలిగింపవచ్చును.

1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాయందు స్టాన్లీ వాట్రస్ అను నింజనీరు, తాను పనిచేయు అణువిద్యుత్కేంద్రమున నడుగిడగనే హెచ్చరిక గంటలు మ్రోగెను. శోధింపగా దోషము కేంద్రమునది కాదు, ఆయన నివసించు నింటిదే యని తేలినది. ఇంటి గాలిని పరీక్షించు నలవాటు అటుపిమ్మట నా దేశమున వ్యాపించెను.

మన రాష్ట్రమున కడప సీమలోని తుమ్మలపల్లెలో యురేనియము గని యున్నది. మనది కృష్ణమ్మ తెచ్చిన యొండ్రునేల; ఇచ్చట నట్టి గనులు లేవు. కనుక భయపడ నక్కరలేదు. అయినను యురేనియము లేశమైనను లేని నేల యరుదు గావున నేమరుపాటును తగదు.

వెనుకటి మండువా యిండ్లలో గాలి రాకపోకలు సాగుచుండెడివి. నేడు ఆటోనగర్ చెంత నివసించు మనము సుత్తుల మ్రోతకును, లారీల ధూళికిని, రంగుల వాసనకును వెరచి రేయింబవళ్లు కిటికీలు బిగించుకొనుచున్నాము. నేనును చాలకాలమట్లే చేసితిని. ధూళిని వెలుపల నుంచితినని సంతసించితినే కాని, నేలనుండి వచ్చు గాలిని లోపల బంధించుచున్నానని తలపనైతిని.

ఇప్పుడు షెడ్లు తెరువకమునుపే, తెల్లవారుజామున, ఎదురెదురు కిటికీలు తెరచుచున్నాను. మూసిన కొన్ని గంటలకే వాయువు మరల చేరును గావున, ఇది నిత్యము చేయవలసిన పని. నేల బీటలను, గోడ నేలను కలియు చోటులను, నీటి గొట్టముల చుట్టునున్న సందులను సిమెంటుతో పూడ్పింపవలెను. పొగత్రాగువారికి రేడాన్ వలని యపాయము త్రాగనివారికంటె సుమారు 25 రెట్లు. పురుషుల కీమాట మెల్లగా నెరుకపరుపుడు.

మన బిడ్డలు పెక్కుమంది అమెరికాలో నేలమాళిగలుగల యిండ్లు కొనుచున్నారు. కొనకమునుపే యీ పరీక్ష చేయింపుమని వారికి చెప్పుడు. చిన్న పరికరమును క్రింది గదిలో మూడునెలలుంచిన లెక్క తెలియును. ఘనపు మీటరు గాలికి 100 బెక్వెరెళ్లు మించకుండుట మేలనియు, అది సాధ్యముకానిచోట 300 దాటరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో సూచించినది. మించినచో నేలక్రింద గొట్టమమర్చి, పంకాతో నా వాయువును పైకప్పు మీదుగా వెడలింతురు.

ఊడ్చుట, అలుకుట యెట్లో, ఇంటికి ఊపిరి యాడనిచ్చుటయు నట్లే మన నిత్యకృత్యము కావలెను.