బొబ్బిలి యుద్ధం (1964 సినిమా)

బొబ్బిలి యుద్ధం 1964లో విడుదలైన తెలుగు చారిత్రక చిత్రం. దర్శకుడు సి.సీతారామ్. బొబ్బిలి ప్రభువు రాజా రంగారావుగా నందమూరి తారక రామారావు, రాణి మల్లమ్మదేవిగా భానుమతి, తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి.రంగారావు నటించారు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు సమకూర్చారు. 1757 జనవరి 24న జరిగిన యుద్ధమూ, ఆ తరువాత శత్రు శిబిరంలో జరిగిన ప్రతీకార చర్యా ఈ చిత్రకథకు ఆధారం.

చారిత్రక నేపథ్యం

1753లో నిజాము సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజుకూ బొబ్బిలివారికీ పాత వైరం ఉన్నది. నీటి తగాదాలు కూడా అందులో ఒక భాగం. విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని బొబ్బిలిపైకి నడిపించాడు. కోట విడిచి వేరొక చోటికి వెళితే అంతకన్న విశాలమైన భూములిస్తామన్న ప్రతిపాదనను రంగారావు అవమానంగా భావించి తిరస్కరించాడు. ఫిరంగుల ముందు కోట నిలువలేదు. ఓటమి తప్పదని తెలిసిన కోటలోనివారు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకొని, మిగిలినవారు పోరాడుతూ మరణించారు. రంగారావు పసికుమారుని మాత్రం ఒక వృద్ధుడు రాజాజ్ఞను మీరి కాపాడి, ఫ్రెంచి అధికారికి అప్పగించాడు.

శిబిరంలో ప్రవేశం

జానపద కథలోనూ చిత్రంలోనూ ఈ ప్రతీకారం తీర్చుకొన్నవాడు రాణి సోదరుడైన తాండ్ర పాపారాయుడు. యుద్ధ సమయంలో అతడు రాజాంలో ఉన్నాడని కథ చెబుతుంది.

ఆ కాలానికి దగ్గరగా ఈ యుద్ధాన్ని గ్రంథస్థం చేసిన ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ వేరుగా వ్రాశాడు. ఆయన కథనం ప్రకారం ఆ పని చేసినవారు పేర్లు తెలియని సైనికులు. నలుగురు శపథం చేసి, రాత్రివేళ కోటగోడ దిగి, సమీపంలోని అడవిలో దాగారు. రెండు రోజులు గడచి శిబిరంలో సందడి తగ్గిన తరువాత ఇద్దరు బయలుదేరారు. గుడారం వెనుకనుండి నేలపై ప్రాకుతూ లోపల ప్రవేశించి, నిద్రిస్తున్న విజయరామరాజును పొడిచారు. ఆయన శరీరంపై 32 గాయాలున్నాయి. ఆ ఇద్దరినీ అక్కడే కాల్చి చంపారు. వారు విఫలమైతే అదే పని పూర్తి చేయడానికి మిగిలిన ఇద్దరు అడవిలో సిద్ధంగా ఉన్నారు.

కావలివారు అడ్డగించినపుడు వారిని కాపాడినది వారి భాష. ఇరుపక్షాలవారూ మాట్లాడేది ఒకే భాష కావడంచేత ఎవరికీ అనుమానం కలుగలేదు. ఇది ఇరుగుపొరుగువారి మధ్య యుద్ధమని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇతర యుద్ధ సాహస చిత్రాలతో పోలిక

1961లో వచ్చిన ఆంగ్ల చిత్రం "ది గన్స్ ఆఫ్ నవరోన్"లో కొద్దిమంది సైనికులు శత్రువు కోటలో చొరబడి ఫిరంగులను ధ్వంసం చేస్తారు. దానివల్ల తమవారి ప్రాణాలు దక్కుతాయి. ఆ కథ, ఆ ద్వీపం కల్పితాలు. బొబ్బిలి సాహసం అటువంటిది కాదు. ఫిరంగులు అప్పటికే తమ పని ముగించాయి, రక్షించడానికి కోట మిగలలేదు. అందువలన ఈ చిత్రం ముగింపులో విజయోత్సాహం కంటే విషాదమే ఎక్కువ. నలుగురి శపథం ఒక్క వీరుని పేరుతో నిలవడం జానపద గాథలకు సహజం. అయితే చరిత్ర విద్యార్థులు ఆ పేరులేని నలుగురిని కూడా గుర్తుంచుకోవాలి.

ఇతర రచనలు, చిత్రాలు

దిట్టకవి నారాయణకవి "రంగరాయ చరిత్రము", వేదము వేంకటరాయశాస్త్రి "బొబ్బిలి యుద్ధ నాటకము" ఇదే ఇతివృత్తంతో వెలువడ్డాయి. బుర్రకథగా కూడా ఇది ప్రసిద్ధం. 1986లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో, కృష్ణంరాజు కథానాయకుడుగా "తాండ్ర పాపారాయుడు" చిత్రం వచ్చింది. బొబ్బిలిలో యుద్ధం జరిగిన చోట 1891లో బొబ్బిలి మహారాజు స్మారక స్తంభం నిర్మించారు.