నల్ల పైపు గట్టిదే.. జాయింటు వద్దే జాగ్రత్త

హోటళ్లు, హాస్టళ్లు, కల్యాణ మండపాలు, మిఠాయి తయారీ కేంద్రాల్లో 19 కిలోల వాణిజ్య సిలిండర్లను ఆరుబయట వరుసగా నిలిపి, అక్కడి నుంచి ఇనుప పైపుల ద్వారా పొయ్యిలకు గ్యాస్ అందించే పద్ధతి స్థిరపడింది. పొయ్యిని, రెగ్యులేటరును కంపెనీ పేరు చూసి కొనే యజమానులు వాటిని కలిపే పైపులను, ఫిట్టింగులను మాత్రం మేస్త్రీకే వదిలేస్తుంటారు. అయితే గ్యాస్ లీకయ్యే అవకాశం పైపు నడుమ కంటే రెండు ముక్కలు కలిసే చోటనే ఎక్కువ. ఆ కలయిక నాణ్యతను నిర్ణయించేవి మరలు, అంటే మేస్త్రీల భాషలో త్రెడ్లు.

వంట గ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. లీకైతే పైకి పోకుండా నేలపై పరుచుకుని మూలల్లో, నీరు పోయే కాల్వల్లో చేరుతుంది. గాలిలో దాని వాటా 2 శాతం దరిదాపులకు చేరితే చాలు, చిన్న నిప్పురవ్వతో అంటుకుంటుంది. రాత్రి పని ముగిశాక వంటశాలలోనే చాప పరుచుకుని పడుకునే కార్మికులు అనేక మంది ఉంటారు. లీకును పసిగట్టేందుకు గ్యాస్‌కు ఘాటైన వాసన కలిపినా, అది నిద్రలో ఉన్నవారిని మేల్కొల్పుతుందన్న భరోసా లేదు. ఈ కారణంగా జాయింటు నాణ్యత అన్నది ఖర్చుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు.

నల్ల పైపు ఎక్కడ?

జింకు పూత లేని ఉక్కు పైపునే వాడుకలో నల్ల పైపు అంటారు. తయారీలో ఏర్పడే ముదురు పొర, దానిపై వేసే వార్నిష్ కారణంగా దీనికి ఆ రంగు వస్తుంది. లోపల నీరు పారితే త్వరగా తుప్పు పడుతుంది కనుక తాగునీటికి ఇది పనికిరాదు. అక్కడ జింకు పూత ఉన్న జీఐ పైపు వాడతారు. గ్యాస్ లైన్లు, కంప్రెసర్ గాలి లైన్లు, అగ్నిమాపక లైన్లలో నల్ల పైపు వాడకం ఎక్కువ. బయటి తుప్పును ఆపేందుకు దానికి రంగు తప్పనిసరిగా వేయాలి. గ్యాస్ లైనుకు పసుపు రంగు వేస్తారు. సిలిండరుకు, రెగ్యులేటరుకు మధ్య ఒత్తిడి ఎక్కువగా ఉండే భాగానికి అతుకు లేని మందపాటి పైపు వాడాలి. సిలిండర్ల సముదాయం ఏర్పాటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 6044 వర్తిస్తుంది.

కొలతలో పొరపాటు

పైపు పరిమాణాన్ని లోపలి రంధ్రం ఆధారంగా చెబుతారు. అరంగుళం పైపు బయటి కొలత 21.3 మిల్లీమీటర్లు, అంగుళం పైపు బయటి కొలత 33.7 మిల్లీమీటర్లు. బయటి నుంచి టేపు పెట్టి చూసి అరంగుళం పైపును ముప్పావు అంగుళంగా భావించి ఫిట్టింగులు తెచ్చేవారు లేకపోలేదు. పాత ముక్కను వెంట తీసుకుని దుకాణానికి వెళ్లడం మేలు.

రంగు పట్టీ చెప్పే సంగతి

ఐఎస్ 1239 ప్రకారం పైపులు మందాన్ని బట్టి మూడు తరగతులు. లైట్ రకానికి పసుపు, మీడియంకు నీలం, హెవీకి ఎరుపు పట్టీ ఉంటుంది. అరంగుళం పైపు మందం లైట్‌లో 2 మిల్లీమీటర్లు, మీడియంలో 2.6, హెవీలో 3.2. ఈ పరిమాణానికి మర లోతు దాదాపు 1.16 మిల్లీమీటర్లు. అంటే లైట్ పైపుకు మర కోస్తే అక్కడ మిగిలేది ఒక మిల్లీమీటరు కూడా కాదు. బరువు పడినా, ఎవరైనా తగిలినా పైపు సరిగ్గా ఆ మర మొదట్లోనే విరుగుతుంది. హెవీ పైపులో రెండు మిల్లీమీటర్లకు పైగా మిగులుతుంది. మర కోసే పైపు విషయంలో ధర తగ్గించుకోవడం ఎందుకు తగదో ఈ లెక్కే చెబుతుంది.

ఫిట్టింగుల ఎంపిక

ఎల్బో, టీ, సాకెట్, యూనియన్, రెడ్యూసర్ వంటివి మాలియబుల్ ఇనుముతో చేసినవే తీసుకోవాలి. వీటికి ఐఎస్ 1879 ప్రమాణం ఉంది. మామూలు పోత ఇనుము పెళుసుగా ఉండి బిగింపులో పగలవచ్చు. మాలియబుల్ రకాన్ని కొలిమిలో ఎక్కువ సమయం వేడిచేసి మెల్లగా చల్లారుస్తారు కనుక ఆ పెళుసుదనం తగ్గుతుంది. కొనేటప్పుడు లోపలి మరలపై వేలు తిప్పి చూడాలి. విరిగిన అంచులు, ఇసుక గుంటలు, పగుళ్లు ఉంటే తిరస్కరించాలి.

మర రకం కూడా ముఖ్యమే. మన దేశంలో వాడే పైపు మరలు బ్రిటిష్ పద్ధతివి, కోణం 55 డిగ్రీలు. అమెరికా పద్ధతి మరల కోణం 60 డిగ్రీలు. అరంగుళం, ముప్పావు అంగుళం పరిమాణాల్లో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే ఉండటంతో ఒకదానిలో మరొకటి కొన్ని చుట్లు ఎక్కుతుంది. చూసేవారికి సరిపోయినట్టే ఉన్నా లోపల సందు మిగిలిపోతుంది. దిగుమతి చేసుకున్న పొయ్యిలు, వాల్వులు బిగించేటప్పుడు దీన్ని ముందే సరిచూసుకోవాలి.

బిగింపులో మెలకువలు

పైపును నిటారుగా కోసి, లోపలి అంచున మిగిలిన గరుకును రీమరుతో తీసేయాలి. మర కోసేటప్పుడు నూనె వాడాలి. తర్వాత పైపును తట్టి ఇనుప రజను పూర్తిగా బయటకు రాల్చాలి. లేకుంటే అది రెగ్యులేటరులో, బర్నరు జెట్‌లో అడ్డుపడుతుంది. పనికివచ్చే మర పొడవు అరంగుళం పైపుకు దాదాపు 13 మిల్లీమీటర్లు, అంగుళం పైపుకు దాదాపు 17 మిల్లీమీటర్లు. అంతకు మించి కోస్తే పైపు బలహీనపడుతుంది.

పైపు మర చివరకు వచ్చేసరికి సన్నబడుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ బిగుసుకునేది అందుకే. అయినా మరల మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. దాన్ని పూడ్చేందుకు గ్యాస్‌కు తగిన టెఫ్లాన్ టేపు గాని, వంట గ్యాస్‌కు తట్టుకునే పేస్టు గాని వాడాలి. నీటి లైన్లకు వాడే నార, సఫేదా, గ్రీజు ఇక్కడ నమ్మదగినవి కావు. టేపును మొదటి చుట్టు వదిలి, పైపు కొసను ఎదురుగా చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి.

ఫిట్టింగును ముందుగా చేతితో మూడు నాలుగు చుట్లు ఎక్కించాలి. చేతితో ఎక్కకపోతే మరలు కుదరలేదని అర్థం. ఆ తర్వాత రెండు పైపు రెంచీలతో, ఒకదానితో పట్టి రెండోదానితో తిప్పుతూ మరో రెండు చుట్లు బిగించాలి. చివర ఒకటి రెండు మరలు బయటకు కనిపించడం సహజం. ఎల్బో దిశ కుదరలేదని వెనక్కు తిప్పితే టేపు చిరిగి లీకు మొదలవుతుంది. అప్పుడు విప్పి, శుభ్రం చేసి, కొత్త టేపుతో మళ్లీ బిగించాలి. యూనియన్లను, మర జాయింట్లను గోడలో పూడ్చకూడదు. పైపుకు క్లాంపులు వేసి బరువు జాయింటుపై పడకుండా చూడాలి.

అగ్గిపుల్లతో చూడొద్దు

పని పూర్తయ్యాక సిలిండర్లను, రెగ్యులేటర్లను, పొయ్యిలను వేరుచేసి లైనులో గాలి గాని, నైట్రోజన్ గాని నింపి పరీక్షించాలి. ఆక్సిజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకూడదు. గేజ్ ముల్లు దిగితే లీకు ఉన్నట్టే. ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. బుడగ కనిపించిన చోట పైపైన ఎంసీల్ పూసి సరిపెట్టకుండా జాయింటును విప్పి మళ్లీ బిగించాలి.

యజమాని అడగాల్సినవి

గ్యాస్ లైను పనిని గ్యాస్ కంపెనీ గుర్తించిన నిపుణులతోనే చేయించాలి. అయినా బిల్లు చెల్లించే ముందు యజమాని నాలుగు విషయాలు స్వయంగా చూడాలి. పైపుపై ఐఎస్ఐ గుర్తు, ఎర్ర పట్టీ ఉన్నాయా? ఫిట్టింగులు మాలియబుల్ రకమేనా? జాయింట్లన్నీ కంటికి కనిపిస్తున్నాయా? ఒత్తిడి పరీక్ష తన ఎదుటే జరిగిందా? రంగు వేయడానికి ముందే ఇవి చూసుకోవాలి. రంగు పడ్డాక పట్టీ, మర రెండూ కనిపించవు.

లైను వాడుకలోకి వచ్చాక కూడా రాత్రి పొయ్యి వాల్వుతో పాటు సిలిండరు వాల్వును మూసివేయాలి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకుండా, ఆర్పకుండా తలుపులు తెరిచి అందరూ బయటకు రావాలి. బయటకు వచ్చాకే గ్యాస్ లీకు అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి.