ఐదు స్థానములు - ఒక్క షడ్జము

పాశ్చాత్యులు మేజర్ పెంటటానిక్ అని పిలుచు స్వరపంక్తి తెలుగువారి చెవికి క్రొత్తది కాదు. షడ్జము, చతుశ్రుతి రిషభము, అంతర గాంధారము, పంచమము, చతుశ్రుతి ధైవతము - ఈ ఐదింటి కూర్పే అది. మన మోహన రాగమునకు ఆరోహణావరోహణములు ఈ స్వరములే. స్కాట్లండు జానపద గీతములలోను, చీనా సంగీతములోను ఈ పంక్తి వినవచ్చును. అయితే గిటారు చేపట్టిన విద్యార్థికి ఇది తొలుత రాగముగా గాక, వ్రేళ్ల లెక్కగా ఎదురగును. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

గిటారునకు తీగలు 6. వీణకు వలెనే దీనికిని మెట్లు కలవు. ఒక మెట్టు జరిగిన స్వరము ఒక అర్ధస్వరము హెచ్చును. 12 మెట్లు జరిగిన ఒక స్థాయి పూర్తియగును. లావుతీగ మొదలు సన్నతీగ వరకు వాడుకలోనున్న శ్రుతి ఇ, ఎ, డి, జి, బి, ఇ. జి స్వరమును షడ్జముగా గైకొన్నచో ఆ తీగలు వరుసగా ధ, రి, ప, స, గ, ధ అగును. అనగా ఏ మెట్టును నొక్కక మీటినను ఆరు తీగలును మోహన స్వరములనే పలుకును!

స నుండి రికి 2 మెట్లు, రి నుండి గకు 2, గ నుండి పకు 3, ప నుండి ధకు 2, ధ నుండి పై సకు 3, మొత్తము 12. తీగకు రెండేసి స్వరముల చొప్పున పట్టినచో, చేయి పెద్దగా కదలకయే 12 స్వరములు దొరకును. ఇట్టి పట్టునకే పొజిషన్, అనగా స్థానము, అని పేరు. లావుతీగపై ధ, స, రి, గ, ప అను ఐదింటిలో ఏది ముందు వచ్చిన దానినిబట్టి ఐదు స్థానములు ఏర్పడినవి. జి షడ్జమైనపుడు మొదటిది మెట్టు నొక్కని తీగతోను, తక్కినవి 3, 5, 7, 10 మెట్లతోను ఆరంభమగును. 12వ మెట్టున మొదటి స్థానమే మరల వచ్చును. ఒక స్థానమున ప్రతి తీగపైని రెండవ స్వరమే తరువాతి స్థానమునకు మొదటి స్వరము. కనుక ఇవి విడివిడి గదులు కావు. ఉమ్మడి గోడలు గల ఇండ్లు. తీగల నడుమ అంతరము అంతట 5 మెట్లే కాగా, జి, బి తీగల నడుమ మాత్రము 4. అందుచేతనే అక్కడ పట్టు ఒక మెట్టు ప్రక్కకు జరుగును.

పెక్కుమంది విద్యార్థులు ఈ ఐదు పటములను కంఠస్థము చేసి, వ్రేళ్లను వేగముగా పరుగెత్తింతురు. షడ్జమెక్కడ అని అడిగినచో మాత్రము తడబడుదురు. ఆ తడబాటు చిన్నది కాదు. వాయించు స్వరములు అవే యుండగా, ప్రక్కన నొకరు ఇ తీగను మాత్రమే శ్రుతిగా మ్రోగించిరేని వినబడునది మోహన కాదు, శుద్ధ ధన్యాసి. పాశ్చాత్యుల మైనర్ పెంటటానిక్. ఎ తీగ శ్రుతియైన మధ్యమావతి, డి యైన శుద్ధ సావేరి, బి యైన హిందోళము. మనవారు గ్రహభేదమని చెప్పునది ఇదియే. స్థానము మారినంత మాత్రమున రాగము మారదు. షడ్జము మారిననే మారును.

కాబట్టి నేర్పువారు పటమునకు ముందు షడ్జమును చూపవలెను. ప్రతి స్థానమునందును అది రెండు మూడు చోట్ల నుండును. జి తీగను మెట్టు నొక్కక మ్రోగించుచు, ఆ చోట్లను వెదకి, స్వరమును నోట పలుకుచు వాయించుట మొదటి సాధన. ఒకే తీగపై ఐదు స్వరములను పైకి క్రిందికి నడుపుట రెండవది. అటుపిమ్మట రెండు పొరుగు స్థానముల నడుమ రాకపోకలు సాగింపవలెను. వేగము తుదకు దానంతట అదే వచ్చును.

ఇంతమాత్రమున మోహన రాగము చేజిక్కినదని తలపరాదు. రాగమునకు గమకము, సంచారము ప్రాణము. స్వరపంక్తి అస్థిపంజరము మాత్రమే. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మెట్లుగల విదేశీ వాద్యమైన మాండలిన్‌పై కర్ణాటక గమకములను పలికించి చూపెను. వాద్యము అడ్డు కాదని దీనివలన తెలియుచున్నది. వ్రేలికి స్థానము తెలిసిన చాలదు. చెవికి షడ్జము తెలియవలెను.