కారు పొట్టు లేస్తుందా? పాలిష్ డబ్బాలకు పైసలు పెట్టకుండ్రి

పోయినేడు ఎండకాలంల ఇంటి ముంగట వేపచెట్టు కింద నిలవెట్టిన మా కారు టాప్ మీద తెల్లగ ఒక మచ్చ కనవడ్డది. పిట్ట రెట్ట అనుకొని గోటితోని గీకిన. రెట్ట రాలే. ఉల్లిపొర తీరుగ సన్నటి పొర లేసి గోట్ల ఇరికింది. ఇంకొంచెం గీకితె అరచెయ్యంత ఊడొచ్చింది. కింద రంగు ఉంది గని మెరుపు లేదు, సుద్దముక్క లెక్క ఉంది.

మెరూన్ రంగు బండి, పదేండ్ల పాతది, టాక్సీ ప్లేట్. పెండ్లిళ్లకు, దవాఖానలకు కిరాయికి తోల్త. పెండ్లికి మాట్లాడేటోళ్లు ఇంజన్ ఎట్లుందని అడుగరు. టాప్ చూసి, "అన్నా, ఫొటోలల్ల మంచిగ రాదే" అంటరు. అట్ల రెండు కిరాయిలు పోయినంక నేను గుడ మీ అందరి లెక్కనే ఫోన్ పట్టుకొని రీల్స్ చూసుడు మొదలువెట్టిన. టూత్ పేస్ట్ రుద్దిన. కొబ్బరి నూనె పూసిన. కంపౌండ్ డబ్బా ఒకటి, "నానో" అని రాసున్న సీసా ఒకటి కొన్న. అన్ని కలిపి తొమ్మిది వందల దాక అయినయి. నూనె పూసిన నాడు నిజంగనే మెరిసింది. రెండు రోజులకు దుమ్మంత దానికే అంటుకొని అంతకుముందుకన్న ఖరాబ్ అయింది.

ఆఖరికి మండలంల డెంటింగ్ పెయింటింగ్ షెడ్డుకు పోయిన. ఉస్తాద్ చూసి నవ్విండు. "పొట్టు ఊడిన గింజకు పొట్టు మల్ల పెడ్తవా బేటా?" అన్నడు. ఆ ఒక్క మాట ముందే విని ఉంటె తొమ్మిది వందలు మిగులుతుండె.

అసలు కారు మీద ఏముంటదో చెప్త. ఇంటికి సున్నం ఏసినట్టు కాదు ఇది. ఇనుప రేకు బాడీని ముందుగాల ఒక తొట్టిల ముంచి కరెంటు పారిచ్చి తుప్పు పట్టకుంట ఒక పూత ఎక్కిస్తరు. దాని మీద ప్రైమర్. దాని మీద రంగు. అన్నిటికన్న పైన నీళ్ల తీరుగ రంగు లేని పూత. దాన్నే క్లియర్ కోట్ అంటరు, మన షెడ్లల్ల లక్కర్ అంటరు. మనం మెరుపు అనుకునేదంత రంగుది కాదు, ఈ లక్కర్‌ది. ఫ్యాక్టరీల ఏసిన పూతలన్ని కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందుల లక్కర్ 40, 50 మైక్రాన్లే ఉంటది. తల ఎంటుక కన్న పల్చన. ఆ పల్చటి పొర మీదనే మన ప్రతాపమంత.

ఈ లక్కర్ల ఎండ కిరణాలను మింగే మందు కలుపుతరు. ఏండ్లు గడుస్తుంటె ఆ మందు అయిపోతది. ఇగ కిరణాలు లక్కర్‌ను దాటి రంగు మీద పడ్తయి. రంగు, లక్కర్ అతుక్కున్న కాడ పొడిపొడి అయి పట్టు పోతది. పగలు రేకు కాలి సాగుడు, రాత్రి సల్లవడి ముడుచుకునుడు. ఎక్కడో ఒకకాడ పగులుతది, ఆ సందులకెళ్లి నీళ్లు దిగుతయి, పొర లేస్తది. అందుకే పక్క డోర్లకన్న ముందు టాప్, బానెట్, డిక్కీ మూతలే పోతయి. ఎండ నేరుగ పడేది వాటి మీదనే. మన రామగుండం, నల్లగొండ దిక్కు ఎండలు ఎట్లుంటయో చెప్పే పని లేదు. 

చెట్టు నీడకు పెడితె బతికినట్టేనా అంటె అదీ కాదు. పిట్ట రెట్ట ఎండిన కొద్ది లక్కర్‌ను తింటది. చెట్టు బంక గుడ అంతే. బోరు నీళ్లు పోసి కడిగి ఆరిపోయేదాక ఇడిసిపెడితె ఉప్పు మచ్చలు పడ్తయి. పొద్దుగాల దుమ్ము మీదనే పొడి గుడ్డతోని తుడుసుడు అన్నిటికన్న పాడు అలవాటు, ఆ దుమ్మే గరుకు కాగితం లెక్క గీకుతది. వడ్లు ఆరవోసే పరదా తెచ్చి కప్పుతరు కొందరు. గాలికి అది కొట్టుకుంటుంటె కింద దుమ్ము రుద్దుకుంటనే ఉంటది. ఇవన్ని నేను చేసినయే.

మీ కారు ఏ దశల ఉందో ముందు తెల్సుకోవాలె. ఉట్టిగ మసకబారి, చెయ్యి పెడితె నున్నగనే ఉండి, ఎక్కడ పొర లేయకపోతె అదృష్టవంతులు. కంపౌండ్ కొట్టి పాలిష్ చేస్తె మెరుపు వస్తది. గని గోరు పెడితె అంచు తగులుతుందంటె ఇగ పాలిష్ మాట మర్సిపోవాలె. పాలిష్ చేసేదేంది? పైపొరను జర గీకి సాపు చేసుడు. లేని పొరను ఏం గీకుతరు? అనుమానముంటె తెల్ల బనీన్ గుడ్డ మీద జర కంపౌండ్ ఏసి రుద్దుండ్రి. గుడ్డకు కారు రంగు అంటితె అక్కడ లక్కర్ పోయినట్టు. ఒక్క మాట, పాత కార్లల్ల కొన్నిటికి మొదటి నుంచే లక్కర్ ఉండదు, రంగే మెరిసే రకం ఏస్తరు. వాటికి గుడ్డకు రంగు అంటుతది, కంపౌండ్ గుడ బరాబర్ పని చేస్తది.

పొర లేసినంక చాలామంది చేసే తప్పు, ఊడిన జాగ మందం ఒక స్ప్రే డబ్బ తెచ్చి లక్కర్ కొట్టుడు. నేను గుడ అదే చేద్దామనుకున్న. ఉస్తాద్ వద్దన్నడు. ఊడిన జాగ చుట్టు ఉన్న పొర పైకి మంచిగ కనిపిస్తది గని దాని పట్టు అప్పటికే సగం పోయి ఉంటది. దాని మీద కొత్తది కొడితె, కొత్తదాన్ని గుడ పట్టుకొని లేస్తది. పైంగ పాత అంచు గీత లెక్క తేలి కనవడ్తది. ఎండకు పాడైన రంగు మీద నేరుగ లక్కర్ నిలువదు. రంగు మల్ల ఏసి, అది ఆరీ ఆరంగనే లక్కర్ పడాలె. అంటె టాప్ పోతె టాప్ మొత్తం, బానెట్ పోతె బానెట్ మొత్తం. నడుమ ఆపితె ఆపిన జాగ ఎప్పటికి కనవడ్తది.

టాప్ మొత్తానికి షెడ్డుల 9,000 చెప్పిండు. నా కాడ అన్ని లేవు. "ఇందుల రంగు, లక్కర్ ఖర్చెంత ఉస్తాద్?" అని అడిగిన. సామాను, గన్ను పని కలిపి సగమే అన్నడు. తక్కినదంత రుద్దుడు కూలి. రెండు రోజులు ఒక పొరగాడు కూసొని రుద్దే పని. "మరి రుద్దుడు నేను రుద్దుకుంట" అన్న. పైకి కిందికి చూసి ఒప్పుకున్నడు. తమ్మీ, నేను ఇంత దూరం చెప్పుకొచ్చింది ఈ బేరం కోసమే. కారు రంగు పనిల మన చేతనయ్యేది రుద్దుడు, మన చేతగానిది గన్ను. మనదగ్గర పైసలు లేవు గని పొద్దు ఉంది. పొద్దును పెట్టి పైసలు మిగిలించుకోవాలె.

ముందు టాప్‌కు రెండు దిక్కుల ఉండే రబ్బర్ బీడింగ్ తీసేసిన. ఇది తీస్తెనే కొత్త రంగు అంచు గాడిల దాసుకుంటది. గిన్నెలు తోమే సబ్బుతోని రెండుసార్లు కడిగిన. డ్యాష్‌బోర్డుకు, టైర్లకు కొట్టే షైనింగ్ స్ప్రేలల్ల సిలికాన్ ఉంటది. అది జర ఉన్నా రంగు అక్కడ నిలువక చేప కండ్ల లెక్క గుండ్రటి గుంతలు పడ్తయి. తలనూనె చెయ్యి గుడ పెట్టొద్దు. పెట్రోలుతోని తుడువొద్దు, అది నూనె జిడ్డు ఇడుస్తది.

లేసిన పొరను పాత ఏటీఎం కార్డుతోని గీకిన. బ్లేడ్ వద్దు, రంగుల గాట్లు పడ్తయి. తర్వాత 400 నంబర్ వాటర్ పేపర్. చెయ్యితోని నేరుగ రుద్దితె ఏండ్ల అచ్చులు పడ్తయి, అందుకే తెగిన హవాయి చెప్పు ముక్కను కోసి దానికి పేపర్ చుట్టిన. నీళ్లు పోసుకుంట రుద్దుతుంటె ముందు పాల లెక్క తెల్లటి నీళ్లు కారినయి. అది లక్కర్. కొద్దిసేపటికి కుంకుమ నీళ్ల తీరుగ ఎర్రగ కారితె రంగు తగిలినట్టు. అక్కడ ఆగి పక్కకు జరగాలె. తెల్ల కారుకు మాత్రం ఈ గుర్తు తెల్వదు. టాప్ అంత అట్ల లక్కర్ పోయేదాక రుద్దిన. మూడు పగళ్లు పట్టింది. భుజాలు కూలినయి. కండ్లు మూసుకొని అరచెయ్యి ఆడిస్తె ఎక్కడ అంచు తగులొద్దు. కంటికన్న చెయ్యికే ముందు తెలుస్తది.

రెండో రోజు పొద్దుమీకి ఒక తప్పు చేసిన. ముందు అద్దం పైన వంపు కాడ జోరుగ రుద్దితె రేకు బయటవడ్డది. రేపు చూద్దాం తీ అని పండుకున్న. తెల్లారి మంచుకు అక్కడ గోధుమ రంగు తుప్పు చుక్కలు లేసినయి. మల్ల రుద్దుడు. రేకు కనవడితె ఆ పూటనే ప్రైమర్ పడాలె. వంపుల మీద, అంచుల మీద పేపర్ మెల్లగ ఆడిపియ్యాలె. అక్కడ పూతలు తొందరగ అరుగుతయి.

షెడ్డుకు తీస్కపోతె ఉస్తాద్ ప్రైమర్ కొట్టిండు. అది ఆరినంక మల్ల నేనే 800 పేపర్‌తోని నున్నగ రుద్దిన. అద్దాలకు, డోర్లకు పాత పేపర్లు, మాస్కింగ్ టేపు నేనే అంటించిన. రంగు మాత్రం కంటి అందాజతోని కలపనియ్యొద్దు. బానెట్ లోపటనో, డోర్ తీస్తె పక్కన కమ్మీ మీదనో ఒక ప్లేట్ ఉంటది, అందుల కలర్ కోడ్ రాసుంటది. అది చూపిస్తె జిల్లా కేంద్రంల రంగుల దుకాణమోళ్లు మిషన్ల కలిపిస్తరు. రంగు మూడు పల్చటి పూతలు, లక్కర్ రెండు. వారం దాక సబ్బు పెట్టొద్దన్నడు, నెల దాక పాలిష్ వద్దన్నడు.

ఎప్పుడు చేయాలె అనేది గుడ ఉంది. ఎండకాలంల రేకు కాలుతుంటె రంగు అంటకముందే ఆరి గరుకు తేలుతది. వానకాలంల గాలిల తడికి లక్కర్ పాల తీరుగ తెల్లబడ్తది. కోతలప్పుడు హార్వెస్టర్ దుమ్ము ఊరంత లేస్తది. సంక్రాంతికి శివరాత్రికి నడుమ, మంచు ఆరినంక పొద్దుగాల పూట మంచిది. 

గన్ను పని మనమే ఎందుకు చేయొద్దో జర గట్టిగ చెప్పాలె. షెడ్డుల కొట్టే లక్కర్ రెండు డబ్బాలది. ఒకటి లక్కర్, ఇంకొకటి హార్డనర్. రెండు కలిస్తెనే గట్టిపడి ఏండ్లు నిలుస్తది, పెట్రోల్ పడ్డా కరుగదు. ఆ హార్డనర్ల ఐసోసయనేట్లు ఉంటయి. 1984 డిసెంబర్ల భోపాల్‌ల జనాల పానం తీసింది మిథైల్ ఐసోసయనేట్. హార్డనర్‌ల ఉండేది అదే పదార్థం కాదు, అట్ల గాలిల ఆవిరై లేసేది కాదు, గని అదే కుటుంబం. గన్నుతోని కొట్టినప్పుడు సన్నటి తుంపర్లయి ఊపిరితిత్తులకు పోతది. ఒకసారి ఒంటికి పడకుంట అయ్యిందంటె తర్వాత జరంత తగిలినా ఆస్తమా లేస్తది, ఆ పని ఇగ చేయనియ్యది. మూతికి కట్టుకునే దస్తీ, కరోనా మాస్కు దీన్ని ఆపయి. బయటి నుంచి మంచి గాలి పైపుతోని వచ్చే మాస్కు ఉండాలె. ఆన్‌లైన్ల రెండు డబ్బాల లక్కర్ స్ప్రే క్యాన్ల లెక్క గుడ దొరుకుతుంది, డబ్బ అడుగు ఒత్తితె లోపటనే కలుస్తది. ఇంటి కాడ, చిన్నపిల్లలు తిరిగే వాకిట్ల దాన్ని కొట్టకుండ్రి. మామూలు ఒక డబ్బ స్ప్రేల హార్డనర్ ఉండదు. అద్దం డొప్పసొంటి చిన్న ముక్కకు అది సరిపోతది, గని ఒకటి రెండు ఎండకాలాలు అనుకొనే కొట్టాలె. అది కొట్టినా బయట గాలి తిరిగే కాడనే.

అసలు చేపియ్యకుంట ఇడిసిపెడితె? సొంతానికి తిరిగే బండైతె ఇడిసిపెట్టొచ్చు, సిగ్గేం లేదు. లక్కర్ పోయిన్నాడే రేకు తుప్పు పట్టది, కింద ఇంక రంగు, ప్రైమర్ ఉంటయి. రేకు కనవడినప్పుడు కదలాలె. ఇన్సూరెన్స్ ఇస్తదేమో అని ఆశ పెట్టుకోవద్దు, ఇది అరుగుదల కింద లెక్క. పొట్టు లేస్తున్న దాని మీద నల్ల స్టిక్కర్ అంటిస్తె గుడ అంచులన్ని తేలి కనవడ్తయి, పీకినప్పుడు ఉన్న రంగు గుడ ఊడొస్తది.

నాకు పేపర్లు, టేపు, ఒక చిన్న ప్రైమర్ స్ప్రే కలిపి 700. ఉస్తాద్‌కు 4,500. మా మండలం రేటు ఇది, మీ కాడ వేరే ఉంటదేమో. దగ్గర పెట్టి చూస్తె ఎనక అద్దం కాడ రెండు గీతలు కనిపిస్తయి, అక్కడ నేను 400 పేపర్ గీతలు సరిగ తీయలే. ఇంతవరకు పెండ్లోళ్లెవ్వరు చూడలే.

లక్కర్ కొట్టిన్నాడు ఉస్తాద్ మూతికి తడి దస్తీ కట్టుకొని కొట్టిండు. పక్కన పదిహేడేండ్ల పొరగానికి అదీ లేదు. ఇరవై ఏండ్ల సంది ఇదే పని అంటడు, రాత్రిళ్లు దగ్గుతడు, సిగరెట్ దగ్గు అంటడు. గాలి పైపు మాస్కు కొనే స్థోమత నాకు లేదు. తెల్సినాయనను అడిగితె, అది లేనప్పుడు ఉత్త దస్తీకన్న రెండు దిక్కుల ఫిల్టర్ డబ్బాలుండే మాస్కు నయం అన్నడు. మిగిలిన పైసలల్లకెళ్లి అట్లాంటియి రెండు కొనుక్కపోయి ఇచ్చిన. మొన్న డిక్కీ మూత అడగనీకి పోతె పొరగాడు పెట్టుకొని కొడుతుండు. ఉస్తాద్‌ది మేకుకు వేలాడుతుంది. చెమట పడ్తది బేటా, అన్నడు.