కాటన్: ఒక ఇంటిపేరు కథ

గోదావరి డెల్టాలో కాటన్ దొర పేరు తెలియని పల్లె లేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్. ఇందులో ఆర్థర్ అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు, కాటన్ ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఆంగ్లేయులకు చివర వస్తుంది. ఇంగ్లీషు నేర్చుకొన్న పిల్లలు ఈ మాట వినగానే పత్తి అని అర్థం చెబుతారు. ఆ వంశంవారు ఒకప్పుడు పత్తి వర్తకం చేసి ఉంటారని అనుకోవడమూ సహజమే. కాని ఈ ఇంటిపేరుకూ పత్తికీ సంబంధం లేదు.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘కొట్’ అంటే గుడిసె. (మన ‘కొట్టం’తో దీనికి ఉన్న పోలిక కాకతాళీయం, రెండు భాషలవీ వేరువేరు కుటుంబాలు.) తిరుమలలో యాత్రికులు దిగే ‘కాటేజీ’ అనే మాటలో దాగి ఉన్నది ఈ కొట్టే. ఆనాటి ఇంగ్లీషులో కూడా మన భాషలో వలె నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి. ‘గుడిసెల దగ్గర’ అని చెప్పవలసినప్పుడు ‘ఉమ్’ చేర్చి ‘కొటుమ్’ అనేవారు. ఎక్కడ ఉంటున్నావు అని అడిగితే అదే జవాబు. అలా అనగా అనగా అదే ఊరి పేరయింది. ప్రత్యయం అరిగిపోయి కొన్నిచోట్ల కోటన్ అనీ, కొన్నిచోట్ల కాటన్ అనీ నిలిచింది. కేంబ్రిడ్జి పక్కన కోటన్ అనే ఊరు, స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్ అనే ఊరు నేటికీ ఉన్నాయి.

ఆ గుడిసెలలో ఎవరుండేవారు? 1086లో ఇంగ్లండు రాజు విలియం దేశంలోని భూముల లెక్కలు తీయించాడు. డూమ్స్‌డే గ్రంథం అని పేరుపడిన ఆ లెక్కలలో గుడిసెవాసులను ప్రత్యేకమైన తరగతిగా వ్రాశారు. వారికి ఉన్న భూమి అతి స్వల్పం. దొరల పొలాలలో పాటుపడి బతికేవారు.

అప్పటికి సామాన్యులకు ఇంటిపేర్లు లేవు. ఒకే ఊళ్ళో నలుగురు జాన్‌లు ఉంటే వృత్తిని బట్టి ఒకరిని స్మిత్, అంటే కమ్మరి అన్నారు. తండ్రిని బట్టి మరొకరిని జాన్సన్, అంటే జాన్ కొడుకు అన్నారు. మరికొందరికి ఊరి పేరు అతికింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. కాటన్ అనే ఊళ్ళో అందరూ కాటన్‌వారే కనుక అక్కడ ఆ పేరుతో ఎవరినీ ప్రత్యేకించి పిలవవలసిన పని లేదు. ఊరు విడిచి మరొక ఊరు చేరినవాడినే అక్కడివారు ‘కాటన్ నుండి వచ్చిన జాన్’ అంటారు. అతని మనుమల నాటికి అదే ఇంటిపేరు. ఇంచుమించు 1400 నాటికి ఇంగ్లండులో చాలా కుటుంబాలకు ఇలా ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. ఆ పేరు గల ఊళ్ళు అనేకం కనుక కాటన్‌లందరూ ఒకే వంశం వారు కారు.

పత్తి అనే అర్థం గల మాట వేరు. అది అరబ్బీలోని ‘కుత్న్’. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. రెండింటి వర్ణక్రమం చివరకు ఒకటే కావడం వల్ల ఈ చిక్కు వచ్చిపడింది.

ఈ ఇంటిపేరు గలవారిలో సర్ రాబర్ట్ కాటన్ (1571-1631) చెప్పుకోదగినవాడు. పాత వ్రాతప్రతులు ఎక్కడ దొరికినా తెచ్చి భద్రపరిచాడు. వాటిలోని పాత పత్రాలు రాజాధికారాన్ని ప్రశ్నించేవారికి ఆధారాలు కావడంతో 1629లో ప్రభుత్వం ఆయన గ్రంథాలయాన్ని మూయించింది. ఆయన మరణించిన నూరేళ్ళకు, 1731లో, నిప్పంటుకొని ఎన్నో ప్రతులు కాలిపోయాయి. బేవుల్ఫ్ అనే ప్రాచీన కావ్యానికి లోకంలో మిగిలిన ఒకే ఒక్క ప్రతి అంచులు మాడి బయటపడింది. ‘కొట్’, ‘ఉమ్’ అనేవి ఏ నాటి ఇంగ్లీషువో ఆ కావ్యం ఆ ఇంగ్లీషులోదే. ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1633లో అమెరికాకు వలసపోయిన జాన్ కాటన్ అనే మతాచార్యుని మనుమడికి తాతగారి ఇంటిపేరే సొంత పేరయింది. ఆయన కాటన్ మేదర్.

ఆర్థర్ కాటన్ చెషైర్‌లోని కాంబర్‌మియర్ ప్రభువుల బంధువు. గుడిసెల పేరు భవనాలకు ఎక్కింది!

ఆనకట్ట పని సాగుతున్న రోజుల్లో, 1848లో, ఆ పక్కనే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు జన్మించారు. వారి పూర్వీకులు కందుకూరు నుండి వచ్చినవారు. ‘ఊరు’ అన్నది ‘ఊరి’ అయినట్లే ‘కందుకూరు’ అన్నది ‘కందుకూరి’ అయింది. చివరి ఇకారం ఔపవిభక్తిక ప్రత్యయం. కాటన్‌లోని చివరి ‘న్’ కూడా అటువంటిదే. అయితే ఇంగ్లీషులో ఆ విభక్తి నశించి పేరులో మాత్రమే మిగిలింది. తెలుగులో అది నేటికీ వాడుకలో ఉంది.