గోంగూర రంగు గోడ

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఫ్లాట్లలో పెయింట్ పనికి, ఇంటి పనికి పోయే మనవాళ్ళు అక్కడ ఒక రంగు చూసి వచ్చి, మనింట్లో కూడా వేద్దామా అంటుంటారు. డార్క్ ఆలివ్ గ్రీన్ అట. పేరు విని బెదరక్కర్లేదు, అది మన గోంగూర పచ్చడి రంగే. సోమసుందరపాళ్యలోనో మంగమ్మనపాళ్యలోనో ఉండే ఒంటిగది ఇంటికి ఇది నప్పుతుందా అంటే, నప్పుతుంది. కానీ నాలుగు గోడలకూ వద్దు, ఒక్క గోడకు చాలు.

కిటికీ వెలుతురు పడే గోడకు వేయించండి. చీకటి మూలన వేస్తే ట్యూబులైటు కింద బొగ్గులా కనబడుతుంది. మిగతా గోడలకు మీగడ రంగు, సీలింగుకు తెలుపు వేస్తే, ఆ గోడ మీద పెళ్ళి ఫోటో, గూట్లో ఇత్తడి చెంబు ఎత్తి కనబడతాయి. చెమ్మ ఉన్న గోడ జోలికి మాత్రం పోవద్దు. తెల్లగా ఉప్పు తేలితే ముదురు రంగు మీద ఇంకా బాగా కనబడుతుంది. బయట పడమటి ఎండ తగిలే గోడకూ వద్దు. ముదురు రంగు ఎండను తాగి గదిని ఉడికిస్తుంది.

పసుపు ఆక్సైడులో నలుపు కలిపితే ఆలివ్ ఛాయ వస్తుంది. ఇది పాత మేస్త్రీలకు తెలిసిందే. కానీ తెల్ల డబ్బాలో స్టెయినర్ సీసాలు ఎన్ని పోసినా ఇంత ముదురు రాదు, పెయింటే పాడవుతుంది. షాపులో మెషీన్ మీదే కలిపించండి. 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు గోడకు రెండు కోట్లకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు పడుతుంది.

అద్దె ఇల్లయితే ఓనరును ముందే అడగండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని అడ్వాన్సులో కోత కోయడం బెంగళూరులో మామూలే. ముదురు గోడను మళ్ళీ తెల్లగా చెయ్యాలంటే కోట్లు ఎక్కువ పడతాయి. ఆ లెక్క మన మీదే వేస్తారు. ఒప్పుకుంటే ఫోన్లో మెసేజ్ పెట్టించుకోండి. ఒప్పుకోకపోతే సొంత చెక్క బల్లకో అల్మారాకో వేసుకోండి, అవి మనతోనే వస్తాయి కదా.

ఇంక అసలు భయం పాత రంగుతో. ఒకప్పుడు పసుపు, పచ్చ ఎనామెల్ పెయింట్లలో సీసం కలిసిన క్రోమ్ పసుపు వాడేవారు. ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన తలుపులు, గ్రిల్లులు గీకితే లేచే దుమ్ములో సీసం ఉండొచ్చు. పాకే పిల్లలు ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుంటారు. సీసం వాళ్ళ మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గీకే పనికి రోజూ పోయే అన్నలకూ ఈ దుమ్ము తప్పదు.

పాత రంగు గట్టిగా ఉంటే గీకకుండా కడిగి పైన వేసెయ్యండి. గీకక తప్పకపోతే నీళ్ళు చల్లి గీకండి. పొడిగా వద్దు. ఆ పూట పిల్లలు, గర్భిణులు పక్కింట్లో ఉండాలి. నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పొరలన్నీ కవర్లో కట్టి చెత్త బండికి ఇవ్వండి. గీకినవాళ్ళు అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి, ఆ బట్టల్ని పిల్లల బట్టల్లో కలిపి ఉతకొద్దు.