జీర్ణోద్ధరణ

కొత్త భవనాన్ని కట్టడం కన్న పాత భవనాన్ని నిలబెట్టడం కష్టం. కొత్తదానికి ధనమూ స్థలమూ ఉంటే చాలును. పాతదానికి వాటితోపాటు వివేకమూ ఓర్పూ కావాలి. శిథిలమైన ఆలయాలను, చెరువులను బాగుచేయడాన్ని మన పూర్వులు 'జీర్ణోద్ధరణ' అన్నారు. జీర్ణమైనదానిని తొలగించడం కాదు, పైకెత్తి నిలపడమే ఆ మాటకు అర్థం. ఆ కట్టడం విద్యాలయమైనప్పుడు బాధ్యత ఇనుమడిస్తుంది. అక్కడ మరమ్మతులూ సాగాలి, పాఠాలూ సాగాలి.

హైదరాబాదులోని కోఠీ మహిళా కళాశాల ఇందుకు చక్కని ఉదాహరణ. నిజాం కొలువులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఈ సౌధాన్ని నిర్మింపజేశాడు. శామ్యూల్ రస్సెల్ అనే సైనిక ఇంజనీరు దీనికి రూపకల్పన చేశాడు. ముందుభాగాన ఆరు మహాస్తంభాలు, విశాలమైన సోపానపంక్తి, ఇరుప్రక్కల సింహాలు నేటికీ చూపరులను ఆకట్టుకుంటాయి. 1857లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేసినది ఈ రెసిడెన్సీ మీదనే. పరాయి అధికారానికి చిహ్నమైన ఆ ప్రాంగణమే 1949లో ఆడపిల్లల చదువులకు నెలవైంది.

కాలక్రమంలో ఆ సౌధం శిథిలావస్థకు చేరింది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే అంతర్జాతీయ సంస్థ 2002లో దీనిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ సంస్థ తోడ్పాటుతో పనులు అంచెలంచెలుగా జరిగి, పునరుద్ధరించిన భవనం 2023లో ప్రారంభమైంది. ఈలోగా 2022లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయంగా రూపొందింది.

ఇంతటి పనిని ఒక్కసారిగా కాక దశలవారీగా ఎందుకు చేయాలి? ధనం ఒకేసారి సమకూరదు. విద్యార్థులందరినీ ఒకేసారి వేరొక చోటికి తరలించడమూ సాధ్యం కాదు. అంతకన్న ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. పాత గోడను విప్పి చూసేవరకు దాని వ్యాధి పూర్తిగా తెలియదు. మొదటి దశలో నేర్చుకున్నది రెండవ దశలో పొరపాటును తప్పిస్తుంది.

మొదటి దశ పరిశీలన. ప్రతి గదినీ కొలిచి, పటాలు గీసి, ఛాయాచిత్రాలు తీసి, పగుళ్ళను గుర్తించాలి. రెండవ దశ నీటిని అరికట్టడం. పాత కట్టడానికి నీటిని మించిన శత్రువు లేదు. పైకప్పును బాగుచేసి, వాననీరు పోయే దారులను సరిచేసి, గోడలలో మొలచిన రావి మొక్కలను వేళ్ళతో సహా తొలగించాలి. మూడవ దశలో దూలాలను, గోడలను పటిష్ఠం చేయాలి. సున్నంతో కట్టిన గోడకు సున్నమే తగిన మందు. సిమెంటు పూత లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. ఆ చెమ్మకు మెత్తని పాత ఇటుక పొడియై రాలిపోతుంది. గానుగలో రుబ్బిన డంగు సున్నం చెమ్మను ఆరనిస్తుంది. చివరి దశలో విద్యుత్తు, మంచినీరు, మరుగుదొడ్ల వంటి వసతులను కట్టడానికి హాని కలగకుండా అమర్చి, ఆపైన రంగులు వేయాలి.

తరగతుల సంగతి కూడా ప్రణాళికలో భాగమే. ఏ భాగంలో పని జరిగితే అక్కడి తరగతులు ఎక్కడ నడవాలో ముందే నిర్ణయించాలి. దుమ్ము, చప్పుడు ఎక్కువగా ఉండే పనులను వేసవి సెలవులకు కేటాయించాలి. పైకప్పు పని తొలకరికి ముందే ముగియాలి.

అయితే ఆచరణలో ఈ వరుస తరచు తారుమారవుతుంది. వార్షికోత్సవం వస్తున్నదంటే ముందుగోడకు రంగు వేస్తారు. పైకప్పు కారుతూనే ఉంటుంది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి రంగూ పోతుంది, గోడా పోతుంది. కంటికి కనిపించే పనికి మెప్పు వెంటనే లభిస్తుంది. కనిపించని పని మాత్రం కట్టడాన్ని నూరేళ్ళు నిలుపుతుంది. ఏది ముందో, ఏది వెనుకో తెలిసి నడచుకోవడమే జీర్ణోద్ధరణలోని అసలు విద్య.

మనం కూర్చున్న తరగతి గది మనకు పూర్వులు అప్పగించిన సొత్తు. మన తరువాత వచ్చేవారికి దానిని చెక్కుచెదరకుండా అప్పగించడం మన విధి.